చర్మ క్యాన్సర్: ఎండ, మచ్చలు, మానని పుండ్ల గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి మొదలుకొని కరీంనగర్, ఆదిలాబాద్ దాకా చర్మం డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లు, వాళ్ల వెంట వచ్చే బిడ్డలు, కొడుకులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇంటర్నెట్‌లో చర్మ క్యాన్సర్ గురించి దొరికే సమాచారం చాలావరకు తెల్లవాళ్ల చర్మం కోసం రాసింది. మన చర్మం, మన పనులు, మన ఎండ వేరు. అందుకే జవాబులు మన వైపు నుంచి రాశాం.

మనం నల్లగ, చామనఛాయగ ఉన్నోళ్లం గదా. మనకు చర్మ క్యాన్సర్ వస్తదా?

వస్తుంది, కానీ తక్కువ. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను, అంటే యూవీ కిరణాలను, అది చాలావరకు పైపొరలోనే ఆపుతుంది. ఆస్ట్రేలియా, అమెరికాల్లోని తెల్లవాళ్లతో పోలిస్తే మనకు ఈ జబ్బు ఎన్నో రెట్లు తక్కువ. మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముందు ఇది లెక్కకు చిన్నదే.

బాధ ఎక్కడంటే, ఆ వచ్చే కొద్దిమందిలో చాలామంది బాగా ఆలస్యంగా ఆస్పత్రికి చేరుతున్నారు. అరికాలిలో నల్ల మచ్చను ముల్లు గుచ్చుకున్న మచ్చ అనుకుంటారు. పాత కాలిన మచ్చ మీద పుండు పడితే గోక్కున్నందుకే అనుకుంటారు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ సిబ్బంది చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ చర్మం లేదు. కాబట్టి ఆశ అక్క వచ్చినప్పుడు చర్మం గురించి తనంతట తాను అడగదు, మనమే చూపించాలి.

ఇందులో ఎన్ని రకాలున్నయి?

ముఖ్యంగా మూడు. బేసల్ సెల్ కార్సినోమా ఎక్కువగా ముఖం మీద వస్తుంది. ముక్కు, చెంప, కంటి రెప్పల చుట్టూ చూస్తుంటాం. తెల్లవాళ్లలో ఇది ముత్యంలా మెరిసే గులాబీ రంగు బొడిపెగా కనిపిస్తుంది. మనలో మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. అయితే ఏళ్ల తరబడి వదిలేస్తే ఉన్నచోటే కండను, ముక్కు మృదులాస్థిని తినేస్తుంది.

స్క్వామస్ సెల్ కార్సినోమా మానని పుండుగానో, పొట్టు కట్టి గట్టిపడిన గడ్డగానో వస్తుంది. మనవాళ్లలో ఇది ఎండ కంటే ఎక్కువగా పాత కాలిన మచ్చల మీద, ఏళ్లుగా మానని పుండ్ల మీద కనిపిస్తుంది. గజ్జల్లోని, చంకల్లోని గ్రంథులకు పాకగలదు.

మూడోది మెలనోమా. రంగు కణాల్లో పుడుతుంది. మూడింటిలో అరుదైనది, అన్నిటికంటే ప్రమాదకరమైనది.

ఎండ వల్లనే వస్తదంటరు. మరి అరికాలికి ఎండ యాడ తగుల్తది?

చాలా సరైన ప్రశ్న. అరికాలు, అరచెయ్యి, గోటి కింద వచ్చే మెలనోమాను ఏక్రల్ మెలనోమా అంటారు. దానికి ఎండతో పెద్ద సంబంధం లేదు. ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో ముందే చెప్పే దారి లేదు. మనలాంటి రంగు చర్మం ఉన్నవాళ్లకు మెలనోమా వస్తే ఎక్కువగా ఈ చోట్లలోనే వస్తుంది. అంటే ఎంత మంచి సన్‌స్క్రీన్ రాసుకున్నా దీన్ని ఆపలేం. ముందే చూసి పట్టుకోవాలి, అంతే.

ముఖం మీద, మెడ మీద వచ్చే వాటిలో మాత్రం ఎండ పాత్ర ఉంది. సూర్యకాంతిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే చేర్చింది. యూవీ కిరణాలు చర్మ కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. కణం చాలావరకు ఆ దెబ్బను తానే బాగు చేసుకుంటుంది. బాగుకాని దెబ్బలు ఏళ్ల తరబడి పోగుపడితే కణం అదుపు తప్పుతుంది.

అంటే మనం ఎండకు అంతగా భయపడాల్సిన పని లేదా?

తెల్లవాళ్లంత లేదు. ఈ మాట దాచిపెట్టడం సరికాదు. కానీ ఎండ మనకు చేసే హాని క్యాన్సర్ ఒక్కటే కాదు. కంటి తెల్లగుడ్డు మీద కండ పెరగడం, శుక్లాలు తొందరగా రావడం, మంగు మచ్చలు, చర్మం ముడతలు పడటం, అన్నిటికీ మించి వడదెబ్బ. తలకు రుమాలు, ఒంటికి పూర్తి చేతుల అంగీ, మధ్యాహ్నం చెట్టు నీడ పాటిస్తే వీటన్నిటి నుంచీ ఒకేసారి కాపాడుకున్నట్టు. చర్మ క్యాన్సర్ అన్న ఒక్క పేరు చెప్పి మనవాళ్లను ఎండకు భయపెట్టడం కంటే ఈ మొత్తం లెక్క చెప్పడమే నిజాయితీ అని మా అభిప్రాయం.

ఎండాకాలంలో వేడి ఎక్కువున్నప్పుడే ఈ యూవీ ఉంటదా?

వేడి వేరు, యూవీ వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది. యూవీ తెలియదు. చల్లటి గాలి వీస్తున్న రోజు కూడా నడినెత్తిన సూర్యుడుంటే యూవీ గట్టిగానే ఉంటుంది.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. ఒకటి మే రెండో వారంలో, ఇంకొకటి ఆగస్టు మొదట్లో. మే సంగతి అందరికీ తెలుసు. ఆగస్టును ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అప్పుడు మబ్బులు, చల్లదనం. పలచటి మబ్బుల గుండా యూవీలో 80 శాతం దాకా కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే వరినాట్లు. నాటేసే ఆడవాళ్లు గంటల కొద్దీ వంగి ఉంటారు. ఎండ ముఖం మీద కంటే మెడ వెనకభాగం మీద, రవికకూ చీరకూ మధ్య ఖాళీగా ఉన్న నడుము మీద పడుతుంది. మడిలోని నీళ్ల మీద నుంచి కొంత కాంతి ఎగిరి ముఖానికి తగులుతుంది. కొంగు నెత్తికి చుట్టుకున్నా మెడ వెనక ఖాళీగా ఉండిపోతుంది. దాన్ని కప్పుకోవాలి.

ఏ వేళల ఎండ చెడ్డది? ఫోన్‌ల చూడకుండ ఎట్ల తెలుస్తది?

మీ నీడను చూడండి. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టు. మీకంటే పొడుగ్గా ఉంటే ఫర్వాలేదు. మన దగ్గర ఎండాకాలంలో దాదాపు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడుంబావు దాకా నీడ పొట్టిగానే ఉంటుంది.

ఫోన్‌లో చూసేవాళ్లకు వాతావరణం యాప్‌లో యూవీ ఇండెక్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. 3 దాటితే కప్పుకోవాలి. 8 దాటితే చాలా ఎక్కువ. 11 దాటితే తీవ్రం, ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నాలు మామూలుగా అక్కడికే చేరతాయి.

మేము ఉపాధి హామీ పనికి, తునికాకుకు, పత్తి ఏరుడుకు పొయ్యేటోళ్లం. నీడల కూసుంటే పూట ఎట్ల గడుస్తది?

నీడలో కూర్చోమని చెప్పడం సులువే, కూలి పోతుంది. కాబట్టి మీరు ఇప్పటికే చేస్తున్న మంచి పనుల గురించే ముందు చెప్పాలి. పత్తి ఏరే అక్కలు చీర మీద మగవాళ్ల పూర్తి చేతుల అంగీ తొడుక్కుంటారు. నెత్తికి తువ్వాల చుట్టి, దాని కొస ముఖం మీదికి లాక్కుంటారు. ఇంత మంచి రక్షణ ఏ క్రీమూ ఇవ్వదు. ఇది చెమటకు పోదు, రెండు గంటలకోసారి రాయాల్సిన పని లేదు, కొత్తగా ఖర్చు లేదు.

ఇందులో కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే ఇంకా బాగుంటుంది. దగ్గరి నేత ఉన్న బట్ట మంచిది. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే అవతలి వెలుగు ఎంత తక్కువ కనిపిస్తే అంత మేలు. ముదురు రంగు యూవీని ఎక్కువ ఆపుతుంది. అయితే వేడిని కూడా పట్టుకుంటుంది కాబట్టి వదులుగా ఉండాలి. వెలిసిపోయి పలచబడిన పాత అంగీ, చెమటకు తడిసి ఒంటికి అతుక్కున్న నూలు బట్ట తక్కువ ఆపుతాయి. తలపాగా నెత్తిని, చెవి పైభాగాన్ని కాపాడుతుంది గానీ ముక్కుకు, చెవి తమ్మెలకు, మెడకు నీడనివ్వదు. చుట్టూ అంచు ఉన్న టోపీ అయితే వీటికీ నీడ పడుతుంది. క్రికెట్ టోపీకి ముందే అంచు ఉంటుంది, చెవులు, మెడ అలాగే మిగిలిపోతాయి.

పని వేళ సంగతి. తునికాకుకు అడవికి తెల్లవారుజామునే పోతారు, అది మంచిదే. ఇబ్బంది తర్వాత వస్తుంది. కట్టలు కట్టి, కల్లంలో పరిచి అప్పజెప్పేటప్పటికి నడిపొద్దు అవుతుంది. కల్లం బోడి నేల మీద ఉంటుంది, నీడ ఉండదు. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర వడ్లు ఆరబోసి కావలి కాసేవాళ్లకూ, మిర్చి కల్లాల దగ్గర కాయ ఏరేవాళ్లకూ ఇదే పరిస్థితి. అక్కడ నాలుగు కర్రలు పాతి ఒక పరదా కట్టించమని అడగండి. ఉపాధి హామీ పని చోట నీడ, తాగే నీళ్లు, మందుల పెట్టె ఉండాలన్నది చట్టంలోనే రాసి ఉంది. అడగడం మీ హక్కు.

సింగరేణి ఓపెన్ కాస్ట్‌లలో, రోడ్డు పనుల్లో, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నవాళ్లకు కూడా ఇవే మాటలు. లారీ, బస్సు నడిపేవాళ్లకు ఒక్క మాట అదనం: అద్దం యూవీబీ అనే రకాన్ని ఆపుతుంది గానీ యూవీఏ అనే లోతుకు దిగే రకాన్ని అంతగా ఆపదు. కిటికీ వైపు చేతికి తొడుగు వేసుకోండి.

మా ఆయన గల్ఫ్‌ల ఉన్నడు. అక్కడ ఏమన్న రూల్ ఉన్నదా?

ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు, సౌదీలో 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి పోయిన అన్నలు, తమ్ముళ్లు ఈ వేళలు తెలుసుకుని ఉండాలి.

సన్‌స్క్రీన్ కొనాల్నా? ఏది కొనాలె?

పొలం పని చేసేవాళ్లకు బట్ట, టోపీ ముందు. డబ్బు మిగిలితే క్రీము. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లకు స్క్వామస్ సెల్ రకం దాదాపు 40 శాతం తగ్గింది. మన రంగు చర్మానికి క్యాన్సర్ విషయంలో అంతే మేలు జరుగుతుందని చూపిన రుజువు లేదు. మంగు మచ్చలున్నవాళ్లకు, ఎండకు దద్దుర్లు వచ్చేవాళ్లకు, బొల్లి ఉన్నవాళ్లకు మాత్రం సన్‌స్క్రీన్ వల్ల స్పష్టమైన మేలు ఉంది.

కొనేటట్టయితే ఎస్‌పీఎఫ్ (యూవీబీని ఎంత ఆపుతుందో చెప్పే, ట్యూబు మీద ఉండే అంకె) 30 చాలు. అది యూవీబీలో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ 50 దాదాపు 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టాల్సిన పని లేదు. పీఏ అన్న అక్షరాల పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులున్నాయా అని చూడండి, అది యూవీఏకు సంబంధించినది.

అసలు లోపం రాసుకునే కొలతలో ఉంది. శనగ గింజంత తీసుకుని ముఖమంతా పాముతారు. ముఖానికి, మెడకు కలిపి చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడుగునా గీత గీసినంత కావాలి. బయటికి పోవడానికి పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి, బాగా చెమట పోస్తే అంతకంటే ముందే మళ్లీ రాయాలి. ఇలా రోజుకు రెండుసార్లు రాసినా 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. మీ ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే మీకు అందాల్సిన రక్షణ అందడం లేదు.

పసుపు, కలబంద, కొబ్బరి నూనె రాస్తే సరిపోదా?

సరిపోదు. చర్మానికి మెత్తదనం ఇస్తాయేమో గానీ యూవీని ఆపేంత శక్తి వాటికి లేదు.

ఎండకు పోకుంటే విటమిన్ డి తగ్గుతదంటున్నరు?

నిజమే, మన దగ్గర విటమిన్ డి లోటు చాలామందిలో ఉంది, ముఖ్యంగా ఇంటి లోపల, షాపుల్లో, బీడీలు చుట్టే పనిలో రోజంతా కూర్చునేవాళ్లలో. వాళ్లు వారంలో కొన్ని రోజులు ముఖం, చేతులు ఎండకు తగిలేలా కాసేపు బయట తిరగాలి. నల్ల చర్మానికి తెల్ల చర్మం కంటే ఎక్కువ సేపు పడుతుంది. పొలం పని చేసేవాళ్లు కప్పుకున్నంత మాత్రాన లోటు వస్తుందని భయపడక్కర్లేదు, ముఖానికి, చేతులకు ఎంతో కొంత తగులుతూనే ఉంటుంది. లోటు ఉందని పరీక్షలో తేలితే గోళీలున్నాయి.

చిన్న పిల్లలకు?

ఆరు నెలల లోపు పసికందులకు సన్‌స్క్రీన్ రాయొద్దు, నీడే రక్ష. ఒంటిపూట బడుల రోజుల్లో పిల్లలు నడి ఎండలోనే ఇంటికి నడిచి వస్తారు. బ్యాగులో ఒక టోపీ, ఒక నీళ్ల సీసా పెట్టి పంపండి.

తెల్లగయ్యే క్రీము రాస్తున్న. ఎండల పోతే మంట పుడ్తది. ఎందుకు?

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది, నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలుతాయి, కొద్ది ఎండకే మండుతుంది. మీ ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని చర్మం డాక్టర్ దగ్గరికి పోండి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి ఉబ్బుతుంది, కాబట్టి ఎలా మానాలో డాక్టరే చెప్పాలి. మెలనిన్ మనకు పుట్టుకతో వచ్చిన రక్షణ. దాన్ని డబ్బు పెట్టి పోగొట్టుకుంటున్న ఆడబిడ్డలను చూస్తే మనసు కష్టంగా ఉంటుంది.

ఎవరు మరీ జాగ్రత్తగ ఉండాలె?

పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు తెల్లగా ఉండే అల్బినిజం పిల్లలు అందరికంటే ముందు. వాళ్లకు మెలనిన్ లేదు. ఇక్కడ మాత్రం ఏ సడలింపూ లేదు: పూర్తి బట్టలు, టోపీ, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు రోజూ ఉండాలి, ఆరు నెలలకోసారి ఒళ్లంతా డాక్టర్‌కు చూపించాలి.

కొద్దిసేపు ఎండలో ఉంటేనే కందిపోయి, రెండేళ్లకే ముఖమంతా నల్లచుక్కలు పడి, వెలుతురు చూడలేని పిల్లలు అరుదుగా కనిపిస్తారు. అది జీరోడెర్మా పిగ్మెంటోసమ్ కావచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాల్లో ఎక్కువ. యూవీ చేసిన దెబ్బను బాగు చేసుకునే శక్తి ఆ పిల్లల కణాలకు ఉండదు, పదేళ్ల లోపే చర్మ క్యాన్సర్ వస్తుంది. అనుమానం వస్తే ఒక్క నెల కూడా ఆగొద్దు.

కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడుతున్నవాళ్లు కూడా ఏడాదికోసారి చర్మం చూపించుకోవాలి. బొల్లి మచ్చలు ఎండకు తొందరగా కందుతాయి కాబట్టి కప్పుకోవాలి, అంతేగానీ బొల్లి క్యాన్సర్‌గా మారదు.

చిన్నప్పుడు కాలిన మచ్చ ఉన్నది. ఇప్పుడు దాని మీద పుండయ్యి మానుత లేదు.

ఈ ఒక్క జవాబు మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

పాత కాలిన మచ్చ మీద ఎన్నో ఏళ్ల తర్వాత పుట్టే క్యాన్సర్‌ను మార్జోలిన్ పుండు అంటారు. కాలినప్పటి నుంచి సగటున మూడు దశాబ్దాలు పడుతుంది. పొయ్యి మీద పడ్డ పిల్ల, కాగే నీళ్లు ఒలికిన పిల్లవాడు నలభై ఏళ్ల మనిషి అయ్యాక వస్తుంది. అప్పటికి ఆ మచ్చ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. మోకాలి వెనక, మోచేతి మడతలో, మడమ దగ్గర, అంటే కదిలినప్పుడల్లా మచ్చ చర్మం లాగి పగిలే చోట ఎక్కువ. పగులు మానుతుంది, మళ్లీ పగులుతుంది. ఒకరోజు అంచులు గట్టిపడి పైకి లేస్తాయి, దుర్వాసన వస్తుంది, తగిలితే రక్తం కారుతుంది. ఈ దశలో పట్టీలు మార్చుకుంటూ కూర్చోకూడదు. ముక్క తీసి పరీక్ష చేయించాలి.

ఒరుపుడు వల్ల కూడా ఇలాంటిది వస్తుంది. మన దేశ వైద్యులు 1945లోనే ధోతి కట్టు దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. 2024లో వర్ధా, బీహార్ వైద్యులు ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల గురించి రాశారు. ఏళ్ల తరబడి నడుముకు గట్టిగా బిగించిన కట్టు కింద చర్మం ఒరుసుకుని పుండై, క్యాన్సర్‌గా మారింది. మన అమ్మల, అత్తల నడుము చుట్టూ లంగా నాడా ఒరుసుకున్న నల్లటి గీత ఉంటుంది. ఆ గీత మామూలే. దాని మీద పొట్టు లేస్తుంటే, పగుళ్లుంటే నాడా వదులు చేయాలి, వెడల్పు పట్టీ ఉన్న లంగా కట్టాలి, కట్టే చోటు కొంచెం పైకీ కిందికీ మారుస్తుండాలి. పుండు పడి నెల దాటితే చూపించాలి.

ఇంట్ల మేమే ఎట్ల చూసుకోవాలె?

నెలకోసారి చాలు. సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక చూడడం మంచిది. రేగడి మట్టి మడమ పగుళ్లలో ఇరుక్కుని నల్లగా కనిపిస్తుంది కాబట్టి ముందు సబ్బుతో, రాయితో రుద్ది కడగండి. కడిగినా పోని నలుపునే లెక్కలోకి తీసుకోవాలి. మంచం మీద కూర్చుని, ఒక కాలు మోకాలి మీద పెట్టుకుని, ఫోన్ టార్చి వేసి అరికాలు మొత్తం చూడండి. మడమ, వేళ్ల అడుగున ఉండే మెత్త, ప్రతి రెండు వేళ్ల సందు. వంగలేని పెద్దవాళ్ల కాళ్లు మనవలు చూడాలి. తర్వాత పది కాలి గోళ్లు, పది చేతి గోళ్లు, అరచేతులు, నోటి లోపల, చెవుల వెనక, మెడ వెనక. వీపు ఇంట్లోవాళ్లతో చూపించుకోవాలి.

ఏదైనా మచ్చ కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసుకోండి. నెల తర్వాత అదే బిళ్లతో మళ్లీ తీస్తే పెరిగిందో లేదో వాదన లేకుండా తేలుతుంది.

మైదాకు పెట్టుకునే ముందు, గోళ్లరంగు మార్చుకునే మధ్యలో గోళ్లు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. మైదాకు ఎరుపు గోటి మీద నెలల తరబడి ఉండి కింద ఉన్నదాన్ని దాచేస్తుంది.

ఒంటి నిండ పుట్టుమచ్చలున్నయి. దేనికి భయపడాలె?

అన్నీ ఒకే తీరుగా ఉండి, ఏళ్లుగా మారకుండా ఉంటే దేనికీ భయం లేదు. మిగతావాటికి భిన్నంగా ఉన్న ఒక్కదాన్ని చూడండి. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు గీత వంకరటింకరగా ఉండడం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, బూడిద, ఎరుపు రంగులు కలిసి ఉండడం, 6 మిల్లీమీటర్లు దాటడం అనుమానించాల్సిన గుర్తులు. వీటన్నిటికంటే బలమైన గుర్తు మార్పు. నలభై ఏళ్లు దాటాక కొత్తగా పుట్టి పెరుగుతున్న మచ్చ, దురద పెట్టే, రక్తం కారే మచ్చ చూపించాల్సిందే.

నడివయసులో చెంపల మీద, మెడ మీద గుంపుగా వచ్చే చిన్న చిన్న నల్లటి బొడిపెలు మన చర్మానికి చాలా మామూలు, ప్రమాదం లేనివి.

అరికాలి మెలనోమా కొన్నిసార్లు నల్లగా కూడా ఉండదు, ఎర్రటి కండలా, పులిపిరిలా, ఆనెకాయలా ఉంటుంది. రెండు నెలలు మందు వేసినా తగ్గని ఆనెకాయను మళ్లీ చూపించాలి.

గోట్ల నల్ల గీత ఉన్నది. క్యాన్సరా?

ఎక్కువసార్లు కాదు. మన రంగువాళ్లకు పలు గోళ్లలో సన్నటి గోధుమ గీతలు సహజంగానే ఉంటాయి. దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకట్టినా నల్లగా అవుతుంది. రక్తపు మచ్చ అయితే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలి గోరుకు ఏడాది నుంచి ఏడాదిన్నర.

ఒకే ఒక్క గోటిలో, ముఖ్యంగా బొటనవేలిలో, పెద్దవయసులో కొత్తగా వచ్చిన గీత 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పు అవుతుంటే, మొదలు దగ్గర వెడల్పుగా, కొస దగ్గర సన్నగా ఉంటే అనుమానించాలి. నలుపు గోటి నుంచి బయటికి వచ్చి చుట్టూ ఉన్న చర్మానికి పాకిందంటే అదే వారం డాక్టర్ దగ్గరికి పోవాలి. గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగి కూర్చుంటే విలువైన నెలలు పోతాయి.

నాకు షుగర్ ఉన్నది. కాలు పుండు షుగర్ పుండే గదా?

చాలావరకు అదే. కానీ షుగర్ అదుపులో ఉండి, డ్రెస్సింగ్ సరిగా జరుగుతూ, ఆరు నుంచి ఎనిమిది వారాలైనా మానకపోతే, పుండు మధ్యలో కండ పెరిగి బయటికి వస్తుంటే, అంచున నలుపు కనిపిస్తే, ముక్క పరీక్ష చేయమని మీరే అడగండి. పాత కుష్ఠు వల్ల స్పర్శ పోయిన కాళ్లలో ఏళ్లుగా ఉన్న పుండ్లకు కూడా ఇదే మాట. నొప్పి లేదని ఊరుకోవద్దు.

ముక్క తీస్తే, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంత పాకుతదంటరు?

పాకదు. ఈ మాట వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. పాకేది ఆలస్యం వల్ల. ఆస్పత్రికి వచ్చేసరికే ముదిరిపోయిన జబ్బుకు ఆపరేషన్ చేశాక మనిషి దక్కకపోతే, కత్తి తగిలినందుకే అని ఊళ్లో అనుకుంటారు. చర్మం ముక్క తీయడానికి మత్తు సూది ఆ చోట మాత్రమే ఇస్తారు, పావుగంట పని, ఒకటి రెండు కుట్లు, అదే రోజు ఇంటికి పోవచ్చు. రిపోర్టు వారం, పది రోజుల్లో వస్తుంది.

జిల్లేడు పాలు, నల్లజీడి, సున్నం, యాసిడ్ పెట్టి మచ్చను కాల్చడం మాత్రం నిజంగా ప్రమాదం. పైన కాలి మాడుతుంది, కింద జబ్బు అలాగే ఉంటుంది, తర్వాత ముక్క తీసినా సరిగా తేలదు. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరో, బ్యూటీ పార్లర్‌లోనో కాల్పించుకోవడం కూడా ఇలాంటిదే. ఏ డాక్టర్ మచ్చ తీసినా దాన్ని పారేయకుండా పరీక్షకు పంపమని చెప్పండి.

యాడికి పోవాలె? ఖర్చెంత?

వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి చర్మ వ్యాధుల ఓపీకి నేరుగా పోవచ్చు. ఆదిలాబాద్‌లో రిమ్స్, నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. దూరపు గూడేల వాళ్లు ముందు పల్లె దవాఖానలో చూపించి, అక్కడి నుంచి ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో సేవ ద్వారా డాక్టర్‌తో మాట్లాడొచ్చు. రూపాయి బిళ్లతో తీసిన ఫోటోలు అక్కడ పనికొస్తాయి.

క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమో వస్తాయి. 2023 డిసెంబర్ నుంచి ఆ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు వెంట తీసుకుపోండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర మొదట అడగండి.

నయమైతదా? కాలు తీసేస్తరా?

ముందే వస్తే చాలావరకు చిన్న ఆపరేషన్‌తోనే పోతుంది. మచ్చను చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి తీసి, కుట్లు వేస్తారు, లేదా తొడ నుంచి చర్మం తెచ్చి అతికిస్తారు. బేసల్ సెల్ రకానికి సాధారణంగా అంతటితో అయిపోతుంది. మెలనోమాలో లోతు ముఖ్యం. 1 మిల్లీమీటరు కంటే తక్కువ లోతులో ఉన్నప్పుడు తీసేస్తే ఎక్కువమంది పూర్తిగా బాగుపడతారు. గోటి కింద వచ్చి ఎముక దాకా పోతే వేలు, బాగా ముదిరితే కాలు తీయాల్సి రావచ్చు. గ్రంథులకు పాకితే వాటినీ తీస్తారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే ఇమ్యునోథెరపీ మందులు వచ్చాక ముదిరిన మెలనోమా వాళ్లలోనూ కొందరు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. అవి ఖరీదైనవి, అందరికీ అందడం కష్టం.

చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. డాక్టర్ మచ్చ చోటుతో పాటు గజ్జలు, చంకలు, మెడ తడిమి గడ్డలున్నాయేమో చూస్తారు. స్నానం చేసేటప్పుడు మీరూ అలాగే తడిమి చూసుకోండి. కొత్తగా గట్టి గడ్డ తగిలితే ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా పోండి.